మామ్మగారి జవాబు

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడగని విషయం ఉండదు. ఆవకాయలో ఉప్పెంతో అడుగుతాం, పెళ్ళిలో ఎవరికే చీర పెట్టాలో అడుగుతాం. తీరా వాళ్ళ గుండెకే వైద్యం చెయ్యాల్సి వస్తే మాత్రం, వాళ్ళని తప్ప ఊరందర్నీ అడుగుతాం!

మా అత్తగారికి 86 ఏళ్ళు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఒకరోజు పూజగదిలో కళ్ళు తిరిగి పడిపోయారు. గుండెలోంచి ఒంటికి రక్తం వెళ్ళే దారిలోని కవాటం కాల్షియం పేరుకుని బిగిసిపోయిందిట. మూడు నాలుగు చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవలసింది ఒక్కటి కూడా తెరుచుకోవడం లేదుట. మందులు ఆయాసం కాస్త తగ్గిస్తాయేగానీ ఆ తలుపు తియ్యలేవు.

ఛాతీ కొయ్యకుండా, తొడ దగ్గర రక్తనాళంలోంచి కొత్త వాల్వు పంపి అమర్చే పద్ధతి ఉంది. ఫ్రాన్సులో క్రిబియే అనే డాక్టరు 2002లో మొదటిసారి చేశారు. పెద్ద ఆపరేషనుకి తట్టుకోలేని వృద్ధుల మీద చేసిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. ఇది చేయించుకోనివాళ్ళలో ఏడాదిలోగా నూటికి 51 మంది పోతే, చేయించుకున్నవాళ్ళలో 31 మంది పోయారు. పద్ధతి ఆ తర్వాత ఇంకా మెరుగుపడిందనుకోండి. అయినా మిగిలినవాళ్ళని తలుచుకుంటే ధైర్యం, పోయినవాళ్ళని తలుచుకుంటే భయం.

"ఖర్చు లక్షలైనా సరే, వెంటనే చేయించండి" అన్నాడు అమెరికా నుంచి మా మరిది. "ఈ వయసులో అమ్మని హింస పెట్టద్దు" అని మా ఆడబడుచు ఏడ్చింది. ఇద్దరిదీ ప్రేమే.

డాక్టరుగారు మాత్రం ఆవిడకేసే తిరిగి, "మామ్మగారూ, మీకేం కావాలి?" అన్నారు.

"నూరేళ్ళు నాకొద్దు నాయనా. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా స్నానానికి వెళ్ళాలి. పెరట్లో నందివర్ధనాలు నేనే కోసుకోవాలి. అవుతుందా?"

"ఆయాసం తగ్గచ్చు. మోకాళ్ళ నొప్పులు పోవు. పక్షవాతం వచ్చే ప్రమాదం కొద్దిగా ఉంది. పేస్‌మేకరు పెట్టాల్సి రావచ్చు." దాపరికం లేకుండా చెప్పారాయన.

రెండ్రోజులు ఆలోచించుకుని, "చేయించండి. కానీ తేడా వస్తే నన్ను మిషన్ల మీద నెలల తరబడి ఉంచద్దు. అమ్మాయ్, కాగితం మీద రాయి, సంతకం పెడతాను" అన్నారు. రాశాను. మావారు చదివి, మాట్లాడకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు.

వచ్చే సోమవారం ఆపరేషను. ఎలా జరుగుతుందో ఆ దేవుడికెరుక. ఇంకో ఇంట్లో ఇంకో మామ్మగారు "వద్దు" అనవచ్చు. అదీ జవాబే. మీ ఇంట్లో అలాంటి రోజు వస్తే, స్కానింగు రిపోర్టులతో పాటు పెద్దవాళ్ళ మాట కూడా ఫైల్లో పెట్టుకు వెళ్ళండి.