పదకొండో నంబరు

నారాయణపట్న, కోరాపుట్ జిల్లా
శ్రావణ మాసం

మావయ్యగారికి,

నిన్న పొద్దువాలే వేళకు ఇక్కడికి చేరాను. పార్వతీపురంలో జీపెక్కితే బంధుగాం మీదుగా దారంతా మలుపులు, మలుపు మలుపుకీ ఒక గెడ్డ. మన దివిసీమలో కాలవ అంటాం, బోదె అంటాం. గెడ్డ అన్న మాట మన నోట ఉండదు. కొండ మీంచి ఉరికొచ్చే ఏరు ఇక్కడ గెడ్డ. సాయంత్రం చూస్తే పాదం తడవదు, రాత్రి పైన ఎక్కడో వాన పడితే తెల్లారేసరికి బండిని తోసేస్తుంది. మన దగ్గర ముప్పు రావాలంటే ఆకాశం నల్లబడాలి, గాలి తిరగాలి, సముద్రం పొంగాలి. ఇక్కడ నడినెత్తిన ఎండ కాస్తుండగానే కాళ్ల దగ్గరికి వరద రావచ్చు.

దూరం వెళ్తున్నావు, అక్కడి వింతలు రాయమన్నారు. పసుపు బేరానికొచ్చిన మిత్రుడి వెంట వచ్చిన నాకు ఇంత చెప్పుకోవలసిన సంగతి దొరుకుతుందనుకోలేదు. ఊరు కొత్తదే గానీ పూర్తిగా పరాయిది కాదు. సంతలో చింతపండు, పసుపు, అల్లం అమ్మే కోందు గిరిజనులు తమలో తాము కువి భాష మాట్లాడుకుంటారు, షావుకారుతో తెలుగులో బేరమాడతారు, ఆఫీసులో ఒడియాలో పని నడుపుకుంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా ఈ సీమ మన విశాఖపట్నం జిల్లాలోదే, జయపురం జమీందారీ. జయపురం రాజులు కొంతకాలం ఈ ఊళ్లోనే ఉన్నారు.

నేను చూసిన మొదటి వింత ఒక డబ్బా. పొద్దున్నే బ్లాకు ఆఫీసు వైపు నడిచాను. ఆవరణలో చెట్లకూ గోడలకూ ఎడంగా, మోకాలెత్తయినా లేని గుండ్రటి డబ్బా ఒకటి నాటి ఉంది. వర్షమాపకం. దాని అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి, దగ్గరలో ఉన్న చెట్టు ఎత్తుకు రెండింతల దూరమైనా ఎడం ఉండాలి. లేకపోతే ఆకుల మీద పడ్డ వాన లెక్కలోకి రాదు. ఎనిమిదిన్నర కాగానే ఒకాయన వచ్చాడు. పై గరాటు తీసి, లోపలి సీసాలోని నీళ్లను గీతలున్న సన్నటి గాజు గ్లాసులోకి ఒంపాడు. గ్లాసు చదునైన చోట పెట్టి తాను గొంతుక్కూచున్నాడు. కన్ను నీటిమట్టానికి సరిగ్గా ఎదురుగా రావాలి. గాజు అంచుల వెంట నీరు కాస్త పైకి పాకుతుంది, దాన్ని వదిలేసి నడిమి పల్లాన్నే చదవాలి. రెండుసార్లు చదివి పుస్తకంలో రాసుకుని, "రాత్రి దంచీసింది బాబూ" అన్నాడు.

ఆ గ్లాసులో ఒక్క మిల్లీమీటరు నీళ్లు కనిపించాయంటే ఎకరం నేల మీద నాలుగు వేల లీటర్లు కురిసినట్టు. వాతావరణ శాఖ లెక్కలో రోజుకు 64.5 మిల్లీమీటర్లు చేరితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. అంటే అత్యంత భారీ వాన పడిన రోజు ఒక్కో ఎకరం మీద ఎనిమిది లక్షల లీటర్లు పడ్డాయన్న మాట. మన చదును నేలలో ఆ నీళ్లు నిలబడి మెల్లగా పోతాయి. ఇక్కడ కొండవాలు వాటిని నిలవనివ్వదు, అన్నిటినీ ఒకేసారి గెడ్డలోకి నెడుతుంది.

ఎనిమిదిన్నరే ఎందుకని అడిగాను. గ్రీన్‌విచ్ లెక్కలో అది ఉదయం మూడు గంటలు. ప్రపంచమంతటా వాతావరణ కేంద్రాలు ఆ వేళకు తమ కొలతలు తీసుకుంటాయి. నారాయణపట్నలో ఈయన గ్లాసు ముందు కూచున్న క్షణానే మన మచిలీపట్నంలోనూ ఒకరు ఆ పనే చేస్తుంటారు. ఒడిశాలో 314 బ్లాకులు, కోరాపుట్‌లో 14, రాయగడలో 11. ఒక్కో బ్లాకు అంకె భువనేశ్వర్‌లోని ప్రత్యేక సహాయ కమిషనర్ కార్యాలయానికి చేరుతుంది, రోజూ పట్టికగా వెలువడుతుంది. రాష్ట్రం మొత్తం మీద నిన్న వాన ఎక్కడెంత పడిందో ఆ కాగితం చూస్తే తెలిసిపోతుంది.

ఈ పని మనవాళ్లకు కొత్త కాదు, మావయ్యా. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతంలో సొంత డబ్బుతో వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దాన్ని దశాబ్దాల పాటు నడిపారు, నక్షత్రాలతో పాటు గాలివానల లెక్కలూ రాశారు. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. అంటే ఆ శాఖ పుట్టక ముందే ఒక తెలుగు ఇంటివాళ్లు ఆకాశాన్ని కొలవడం మొదలుపెట్టారు. ఈ సంగతి మన పిల్లల పాఠాల్లో ఉండాలి.

ఇక పైనుంచి చూసే కళ్లున్నాయి. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఇన్సాట్ ఉపగ్రహాలు మేఘాల్ని ఫొటోలు తీస్తూనే ఉంటాయి. వాటిలో ఇన్సాట్-3డీఎస్‌ను 2024 ఫిబ్రవరి 17న మన శ్రీహరికోట నుంచే పంపారు. తుపాను కన్ను ఎక్కడుందో అవి చెబుతాయి. కానీ మేఘం కింద ఎంత వాన ఉందో చెప్పాలంటే రాడార్ కావాలి. దేశంలో తుపాన్లను పసిగట్టే తొలి రాడార్ 1970లో విశాఖలోనే పెట్టారు. ఇప్పుడక్కడ డాప్లర్ రాడార్ పనిచేస్తోంది. నారాయణపట్న అక్కడికి తిన్నగా 130 కిలోమీటర్లుంటుంది, రాడార్ అందుకోగల దూరమే. చిక్కు ఎక్కడంటే, రాడార్ కిరణం తిన్నగా పోతుంది, భూమి వంగుతుంది. ఇంత దూరం వచ్చేసరికి ఆ కిరణం నేలకు దాదాపు రెండు కిలోమీటర్ల పైన ఉంటుంది. మధ్యలో తూర్పు కనుమలు. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవ్‌మాలి శిఖరం, 1672 మీటర్లు, ఈ కోరాపుట్ జిల్లాలోదే. కొండల మధ్య కిందుగా కూచుని కురిసే మబ్బు రాడార్‌కు పూర్తిగా కనిపించదు. అప్పుడు మిగిలే సాక్షి ఆ మోకాలెత్తయినా లేని డబ్బా ఒక్కటే. పొద్దున దాని ముందు గొంతుక్కూచున్న మనిషిని తలుచుకుంటే నాకు దండం పెట్టాలనిపించింది.

రేవుల్లో ఎగరేసే నంబర్లు మీకు కొట్టినపిండి. కళింగపట్నంలో మూడో నంబరు, మచిలీపట్నంలో ఎనిమిదో నంబరు అని రేడియోలో వినగానే మీరు తాళ్లు సర్దుకునేవారు. ఆ నంబర్లు మొత్తం పదకొండు. పదోది మహా ప్రమాదం. పదకొండోది అంతకంటే పెద్ద తుపాను అని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. కాదట. హెచ్చరికలిచ్చే కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి అని దానర్థం. ఇక చెప్పేవాళ్లెవరూ లేరు, మీరే చూసుకోండి అని. కొండకు ఒకటో నంబరు లేదు, పదో నంబరు లేదు. గాలివానకు కరెంటు పోయి, సెల్‌టవరు ఆగిపోయి, రెండు కొండల నడుమ ఉన్న పల్లెకు ఫోను మూగబోయిందంటే ఆ పల్లెలో పదకొండో నంబరు ఎగిరినట్టే.

"తీరం దాటిన తుపాను" అని పేపర్లో పడగానే మనం ఊపిరి పీల్చుకుంటాం. ఇక్కడ ముప్పు మొదలయ్యేది అప్పుడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటాక ఈ కొండల మీదే నడిచి పోయింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, ఆ తరవాత వంశధారా, నాగావళీ పొంగాయి. ఒడిశాలోని గజపతి జిల్లా బరఘరలో వాన నుంచి తలదాచుకోవడానికి గుహలో చేరిన జనం మీద కొండచరియ విరిగిపడింది. మంచి చోటే అనుకుని వెళ్లారు వాళ్లు. ఏది మంచి చోటో ముందుగా చెప్పిన మనిషి లేడు. 2017 జులై 16న అయితే తుపాను అన్న పేరే లేదు. వాన పడింది, అంతే. రాయగడ జిల్లాలో కళ్యాణీ నాగావళీ ఒక్కసారి లేచాయి, తేరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల నడుమ రైలు వంతెన కొట్టుకుపోయింది.

పనేమీ జరగలేదని చెప్పను. 1999 అక్టోబరు 29 పెనుతుపానులో దాదాపు పది వేల మందిని పోగొట్టుకున్న ఒడిశా ఆ ఏడాది చివరికల్లా విపత్తుల కోసం వేరే సంస్థను నిలబెట్టింది. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు సుమారు పది లక్షల మందిని ముందే తరలించింది. దేశమంతా నేర్చుకోవలసిన పని అది. తీరంలోని ఆరు జిల్లాల్లో 122 చోట్ల సైరన్ స్తంభాలు నిలిచాయి. వాతావరణ శాఖ తుపాను హెచ్చరికల్లో నాలుగో దశ లోపలి జిల్లాల కోసమే పెట్టారు, తీరం దాటాక ఎక్కడేం జరగవచ్చో అందులో చెబుతారు. 2020 నుంచి మెరుపు వరదలకూ వేరే సూచనలు వస్తున్నాయి, రాబోయే ఆరు గంటల్లో ఏ చిన్న పరీవాహకానికి ముప్పుందో లెక్కగడతారు. అయితే ఆ సైరన్లు తీరానివి. ఈ గెడ్డల గట్టున సైరన్ లేదు. ఫోనుకొచ్చే సందేశం ఒడియా లిపిలో ఉంటే, కువి తప్ప మరో భాష రాని ముసలమ్మకు అది చప్పుడు మాత్రమే.

పిడుగుల సంగతి కూడా రాయాలి. 2023 సెప్టెంబరు 2న ఒడిశాలో రెండు గంటల వ్యవధిలో 61 వేల మెరుపులు నమోదయ్యాయి, పది మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది ఒడిశా ప్రభుత్వం దాదాపు 19 లక్షల తాటిచెట్లు నాటించాలని పూనుకుంది. పొడుగ్గా ఒంటరిగా నిలబడి పిడుగును తన మీదికి లాక్కుంటుందని. 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన రాత్రి మీరు పంచె విప్పి నడుముకు కట్టుకుని తెల్లవార్లూ పట్టుకు వేలాడింది తాటిచెట్టునే కదా. ఈ మాట వినగానే మీరే గుర్తొచ్చారు. ఒక్క జాగ్రత్త, ఉరుము వినిపించాక ఆ చెట్టు కింద మాత్రం ఎవరూ నిలబడకూడదు.

సంతలో ఒక కోందు ముసలమ్మ అల్లం తూచి ఇస్తూ, నేను గెడ్డ అవతలి ఊరు చూడాలంటే నా మొహంలోకి చూసి చెప్పింది: "గెడ్డలో నీళ్లు ఎర్రబడి ఆకులు కొట్టుకొస్తే అడుగెయ్యకు బావూ. పైన వానుంది." ఆ ఎరుపు పైకొండ మట్టి. ఇక్కడ వాన లేకపోయినా ఆ నీరు పైవాన కబురు తెస్తుంది. నాలుగు ముక్కల్లో ఇంత సరైన హెచ్చరిక నేను వినలేదు. పూర్వం ఈ కబురు ఊరంతా చెప్పడానికి బారికి ఉండేవాడు. సర్కారు మాటైనా, పులి వచ్చిందన్నా, బారికి ఇంటింటి ముందూ కేకేసి చాటేవాడు. బంగ్లాదేశ్ వాళ్లు చేసిందీ ఇదే. 1970 నవంబరు తుపానులో మూడు లక్షల మందికి పైగా పోయాక ఊరూరా సేవకుల్ని తయారుచేశారు. వాళ్లిప్పుడు 70 వేలకు పైనే. ప్రమాదం పెరిగేకొద్దీ ఒక జెండా, రెండు, మూడు ఎగరేస్తారు, చేతిమైకు పట్టుకుని సైకిలు మీద తిరుగుతారు. గెడ్డగట్టు పల్లెకొక బారికి మళ్లీ కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. కువి తెలిసిన మనిషి, చేతిలో డప్పు, ఏ గుట్ట మీదికి నడవాలో ముందే నిశ్చయించిన మాట ఉంటే చాలు.

ఈ వాన ఇక్కడితో ఆగదు కాబట్టే ఇంత రాస్తున్నాను. ఈ ఊరి పక్కన పారేది ఝంజావతి. ఇక్కడి గెడ్డలన్నీ అందులో కలుస్తాయి. అది కొండలు దిగి మన కొమరాడ మండలంలోకి వస్తుంది. అక్కడ రాజ్యలక్ష్మీపురం దగ్గర 2006లో కట్టిన రబ్బరు డ్యాం ఉంది, అదొక వింత. ఉబ్బించి నిలబెట్టిన పెద్ద రబ్బరు గొట్టం నీటికి అడ్డంగా పడుకుని ఉంటుంది. వరదొస్తే ఇలాంటి గొట్టాన్ని దించి దారివ్వచ్చు. ఇంత పెద్ద నీటికి ఇంత మెత్తటి గోడా అని నిలబడి చూశాను. అక్కడి నుంచి ఝంజావతి నాగావళిలో కలుస్తుంది, నాగావళి తోటపల్లి దాటి శ్రీకాకుళం ఊరిని ఒరుసుకుంటూ సముద్రానికి పోతుంది. సుమారు 256 కిలోమీటర్ల ఆ నది సగానికి పైగా ఒడిశాలోనే పారుతుంది. పొద్దున బ్లాకు ఆఫీసులో రాసుకున్న అంకె భువనేశ్వర్‌కు ఎంత ముఖ్యమో శ్రీకాకుళానికీ అంతే ముఖ్యం. రెండు రాష్ట్రాల మధ్య నీళ్ల తగాదాలు ఎన్నున్నా ఈ అంకె విషయంలో తగాదాకు చోటుండకూడదు. నారాయణపట్న కొలత అదే గంటలో కొమరాడ తహసీల్దారు బల్ల మీద ఉండాలి.

రేపు మబ్బు విడిస్తే లక్ష్మీపూర్ వెళ్తాం. ఇక్కడ అత్యవసరానికి జిల్లా కంట్రోల్ రూము 1077, రాష్ట్రానిది 1070. నా పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. మీరొక పని చెయ్యండి. శ్రీకాకుళంలో ఏటిగట్టున ఉన్న మన చిన్నపిన్నికి ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఈ వానాకాలం పేపర్లో కోరాపుట్, రాయగడ జిల్లాల్లో భారీ వర్షం అని కనిపిస్తే, శ్రీకాకుళంలో ఎండ కాస్తున్నా సరే, గేదెల్ని ఏటి ఒడ్డున కట్టెయ్యొద్దని చెప్పండి.

ఇట్లు,
మీ మేనల్లుడు