పగడమునకు సున్నపుతేట

గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి, రంగురంగుల చేపలను విడిచి, అవి తిరుగాడుచుండగా చూచి ఆనందించుట ఒక యెత్తు; ఆ తొట్టిలోనే రాతిపగడములను బ్రతికించి, అవి కొమ్మలు వేయుచుండగా చూచుట మఱియొక యెత్తు. చేపకు మేత వేసిన చాలును. పగడమునకు తన దేహమును నిలుపు రాయియంతయు చుట్టునున్న నీటినుండియే రావలయును. కొలది మిల్లీమీటర్ల శరీరముగల ఆ ప్రాణి నీటిలో కరగియున్న కాల్షియమును, బైకార్బొనేటును గ్రహించి, అరగొనైటు రూపమున సున్నపురాతిని తన అడుగున పేర్చుకొనుచు, పగటివెలుతురున వడిగాను, రాత్రి మందముగాను, తన అస్థిపంజరమును తానే నిర్మించుకొనును. సముద్రమునకీ వ్యయము లెక్కలోనిది కాదు. 200 లీటర్ల తొట్టికి మాత్రము అది దినదినమును ఏర్పడు లోటు.

సహజ సముద్రజలమున లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాముల కాల్షియమును, 1300 మిల్లీగ్రాములకు దగ్గరగా మెగ్నీషియమును, బైకార్బొనేటు పాలును తెలుపు క్షారత్వము జర్మను డిగ్రీలలో 7 వఱకును ఉండును. తొట్టి పెంచువారిలో పెక్కుమంది కాల్షియముపైననే చూపు నిలుపుదురు. కొలిచి తీసిన తొట్టినీటిలో సూచకమును కలిపి, చుక్క వెంట చుక్కగా పరీక్షద్రావణమును విడుచుచుండగా, గులాబివన్నె మెల్లగా ఊదాకు తిరిగి, తుదకొక్క చుక్కతో నీలమై నిలిచిపోవును. అంతవఱకు పడిన ద్రావణపు కొలతయే కాల్షియపు కొలత. చూచుటకది రమ్యమైనదే. అయితే పగడము లీటరు నీటినుండి తాను తీసికొను ప్రతి 20 మిల్లీగ్రాముల కాల్షియముతోపాటు 2.8 డిగ్రీల క్షారత్వమును వెంటగొనిపోవును. అనగా కాల్షియము 420 నుండి 400కు దిగులోపల క్షారత్వము 7 నుండి 4.2కు పడిపోవును. మొదటిది ఇరువదవ వంతైనను తగ్గలేదు. రెండవది ఐదింట రెండు పాళ్లు హరించిపోయినది. కాల్షియము బాగుగనే యున్నదని యజమాని నిశ్చింతగానుండగనే పగడపు పెరుగుదల కుంటుపడును. కావున కాల్షియమును కాపాడదలచినవాడు ముందుగా క్షారత్వమును కొలువవలయుననియే నా దృఢాభిప్రాయము.

ఈ రెంటిని సరియైన పాళ్లలో ఒక్కమారుగా అందించు ద్రవ్యము మన తాంబూలపు పళ్లెములలో తరతరములుగా పరిచితమైన సున్నమే. 1970 దశకమున పీటర్ విల్కెన్స్ ఈ సున్నపుతేటను పగడపు తొట్టెలవారికి అలవాటుచేసెను. లవణములు తొలగించిన లీటరు నీటిలో సుమారు ఒకటిన్నర గ్రాములకు మించి కరగని ఈ సున్నమును కలిపి, మూతపెట్టి, మడ్డి అడుగునకు దిగువఱకు కదపక, పైతేటను మాత్రమే వంపుకొనవలయును. మూత తెఱచి యుంచినచో గాలిలోని బొగ్గుపులుసు వాయువు సోకి తేటపై మీగడవలె పలుచని తెట్టు కట్టును. ఆ తెట్టు మరల సున్నపురాయియే గాన పగడమునకు ఉపయోగపడదు. ఒక లీటరు తేట 200 లీటర్ల తొట్టిలో కాల్షియమును లీటరుకు 4 మిల్లీగ్రాములు, క్షారత్వమును అరడిగ్రీకి కొంచెము పైగా పెంచును. ఆవిరియై పోయిన నీటికి బదులుగా దీనిని రాత్రివేళ బొట్టుబొట్టుగా విడుచుట మేలు. ఏలయన, పగడములలో నివసించు సూక్ష్మశైవలములు చీకటిలో బొగ్గుపులుసు వాయువును వాడుకొనకుండుటచే అది నీట చేరి పి.హెచ్.ను తగ్గించుచుండగా, తేట ఆ తగ్గుదలను సరిదిద్దును. దీని పి.హెచ్. 12 దాటును గనుక కంటబడనీయరాదు, పిల్లలకు అందనీయరాదు. తాంబూలమునకై అమ్ము సున్నమును వాడవలదు. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడే కావలయును.

పగడములు దట్టముగా పెరిగినచో ఆవిరికి బదులు పోయు తేట చాలదు. అప్పుడు కాల్షియం క్లోరైడును, వంటసోడాను వేర్వేరు ద్రావణములుగా, వేర్వేరు వేళల అందింపవలయును; రెండును ఒకేచోట కలిసిన తెల్లని మబ్బు క్రమ్మి, అందించినది అడుగున సున్నపురాయియై వ్యర్థమగును. మెగ్నీషియము తక్కువైనను ఈ నష్టమే కలుగును. స్ఫటికములు అదుపులేక పెరుగకుండ అడ్డుపడునది అదియే గదా. హీటరు కడ్డీపై గరుకైన తెల్లపొర కనబడినపుడు, సంఖ్య పెంచవలెనను ఆతురత హద్దు మీఱినదేమోయని శంకింపవలయును.

పగడమునకు కావలసినది అధికము కాదు, స్థిరత్వము. కాల్షియము 400 వద్ద నిలుకడగానున్నను హానిలేదు. నేడు 380, రేపు 460 అగుటయే కీడు. కొత్తగా పగడములను తెచ్చుకొన్నవారు ఆత్రపడి ఏదియు పోయకుడు. ముందు లవణీయత సరిచూచుకొని, ఏమియు కలుపక మూడు దినములు ఒకే వేళకు క్షారత్వమును కొలిచి వ్రాసికొనుడు. దినమునకెంత తగ్గుచున్నదో, అంతయే నిత్యమును పోయుడు.