నిలువురాళ్ళ నీడలో ఒక పాఠం

భూమిపై సంచరించి పూర్వజాతుల జాడలను పరిశీలించమన్నది దివ్యగ్రంథం పదేపదే చేసే బోధ. ఆ ఉద్దేశంతోనే గత డిసెంబరు చివరివారంలో మా మదరసా పెద్ద విద్యార్థులను నారాయణపేట జిల్లాలోని ముడుమాల్ గ్రామానికి తీసుకువెళ్ళాను.

కృష్ణాతీరంలో సుమారు 80 ఎకరాల బయలు అది. 12 నుంచి 14 అడుగుల ఎత్తున్న నిలువురాళ్ళు దాదాపు 80 అక్కడ నిటారుగా నిలిచి ఉన్నాయి. వాటి నడుమ చిన్నరాళ్ళు వేల సంఖ్యలో వరుసలు తీరాయి. చుట్టుపక్కల రాళ్ళను వలయాకారంగా పేర్చిన ప్రాచీన సమాధులున్నాయి. ఇవన్నీ సుమారు 3,500 ఏళ్ళ నాటివని పరిశోధకుల అంచనా.

హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి.రావు గారు ఈ స్థలాన్ని దీర్ఘకాలం అధ్యయనం చేశారు. పగలు అతిదీర్ఘమైన నాడు, అతిహ్రస్వమైన నాడు, రేయింబవళ్ళు సమానమైన నాడు కొన్ని వరుసలు ఉదయించే లేదా అస్తమించే సూర్యునికి సూటిగా ఉంటాయని తెలిపారు. ఒక రాతిపై తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయి.

“ఉస్తాద్, గడియారం లేనివారు వేళను ఎలా తెలుసుకున్నారు?” అని ఒక విద్యార్థి ప్రశ్నించాడు.

నేను జవాబు చెప్పక 12 అడుగుల రాయి ఒకటి చూపి, మధ్యాహ్నం దాని నీడను కొలవమన్నాను. అతిపొట్టిగా ఉన్నప్పుడు అది 10 అడుగులు. ఆ నీడ తూర్పుకు మరలగానే జుహ్ర్ వేళ ప్రవేశించింది. హనఫీ విధానం ప్రకారం ఆ 10 అడుగులకు రాతి ఎత్తుకు రెండింతలు చేరి, నీడ 34 అడుగులైనప్పుడు అస్ర్ వేళ. మే మొదటి వారంలోనైతే ఇక్కడ మధ్యాహ్నపు నీడ దాదాపు మాయమవుతుంది.

ఈ నియమాన్ని విద్యార్థులు కంఠస్థం చేశారే గాని నీడను ఏనాడూ కొలవలేదు. నిజం చెప్పాలంటే, ఇన్నేళ్ళుగా బోధిస్తున్న నేనూ కొలవలేదు. గోడమీది నమాజు వేళల పట్టిక చాలుననుకున్నాను. ఆకాశాన్ని చదవడంలో ఆ పేరు తెలియని జనం మాకంటే శ్రద్ధ గలవారని ఆనాడు సిగ్గుపడ్డాను.

గ్రామస్థులు ఈ రాళ్ళను భక్తితో చూస్తారు. మన విశ్వాసం వేరు. అయితే పూర్వుల శ్రమను గౌరవించడానికి అది అడ్డు కాదు. సేద్యం కోసం కొన్ని రాళ్ళు ఇప్పటికే తొలగిపోయాయి. 2025లో ఈ స్థలం యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. మిగిలినవి మన చేతిలోని అమానతు.

తల్లిదండ్రులారా! ఈ ఆదివారం పెరట్లో ఒక కర్ర పాతి, పిల్లల చేత దాని నీడను కొలిపించండి. సూర్యచంద్రులను లెక్క ప్రకారం నడిపే ప్రభువు సూచనలను వారు పుస్తకంలోనే గాక మట్టిమీద కూడా చదువుతారు.