తెల్లబోయిన కిటికీ

"బాబూ, నీ ప్రోగ్రామ్ చచ్చిపోయింది. మూసేసి మళ్లీ తెరిచాను."

గుంటూరు దగ్గర ఓ మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తాగారి ఫోన్ అది. నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదప్పటికి. సీజను చివర్లో రైతులందరి అద్దె బిల్లులూ ఒకేసారి వేసే బటన్ రాసింది నేనే. నా లాప్‌టాప్‌లో రెండొందల బిల్లులతో చూసుకుని, రెండు సెకన్లలో అయిపోయిందని మురిసిపోయాను. అక్కడున్నవి తొమ్మిది వేలు, కంప్యూటరేమో తాతల నాటిది.

"మధ్యలో ఎందుకు మూశారండీ?" అని కాస్త విసురుగానే అడిగాను.

"నాట్ రెస్పాండింగ్ అని అదే చెప్పింది కదా బాబూ."

నిజమే కదా! మూసేలోపు పడిన బిల్లులు డేటాబేస్‌లో ఉండిపోయాయి. మళ్లీ నొక్కేసరికి అవే రెండోసారి పడ్డాయి. ఒకే టిక్కీకి రెండు అద్దెలు. రైతుల ముందు ఓనరు చేత మాటలు పడింది మాత్రం నేను కాదు, ముప్పయ్యేళ్లు చేతిరాత ఖాతాలు నడిపిన ఆ పెద్దాయన.

ఇంతకీ జరిగిందేంటంటే, విండోస్‌లో మౌస్ నొక్కుళ్లు, కీబోర్డు మీటలు, "మళ్లీ గీసుకో" అనే కబుర్లు అన్నీ ఒక క్యూలో చేరతాయి. వాటిని తీసి చూసే థ్రెడ్ ఒక్కటే. నేను దాన్నే బిల్లులకి కూర్చోబెట్టాను. హోటల్లో టోకెన్లిచ్చే మనిషినే పిండి రుబ్బమన్నట్టు! 5 సెకన్లు ఆ క్యూ వైపు చూడకపోతే విండోస్ మన కిటికీ బదులు దాని నకలు పెట్టి, తెల్లగా చేసి, ఆ రెండు ముక్కలూ తగిలిస్తుంది.

మొదట అందరూ చేసే పాపమే చేశాను. లూప్ మధ్యలో డూఈవెంట్స్ అని ఒక లైను. కిటికీ లేచి కూర్చుంది. హుషారుగా అదే బటన్ మళ్లీ నొక్కి చూద్దును కదా, మొదటి లూప్ కడుపులోనే రెండోది మొదలైంది. జబ్బు కంటే మందు ఘోరం.

చివరికి పనంతా టాస్క్.రన్‌లో పడేసి, బటన్‌లో అవెయిట్ పెట్టాను. సీషార్ప్‌లో 2012 నుంచీ ఉన్న సౌకర్యమే, నేను వాడలేదంతే. వేరే థ్రెడ్ నుంచి లేబుల్ ముట్టుకుంటే ఎక్సెప్షన్ కొట్టింది, కాబట్టి ప్రోగ్రెస్ ఆబ్జెక్టు ద్వారా కబురు పంపాను. ప్రతి బిల్లుకీ పంపితే ఆ కబుర్ల వరదలోనే కిటికీ మళ్లీ బిగుసుకుంది (ఏడవాలో నవ్వాలో తెలీలేదు). వందకొకటి చేశాక కుదురుకుంది. అన్నిటికంటే ముందు చేయాల్సింది మాత్రం ఆఖర్న తట్టింది: మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టడం. మధ్యలో కరెంటు పోయినా సగం బిల్లులు మిగలవు.

కొత్తది పెట్టడానికి నేనే వెళ్లాను. ఆయన పక్కన కూర్చుని "పొరపాటు నాది బాబాయిగారూ, ఓనరుగారికీ అదే చెప్పాను" అన్నాను. ఆయన సరేనని తలూపి బటన్ నొక్కారు. పచ్చగీత జరుగుతోంది. కాసేపు చూసి, "ఈ గీత నాకెందుకు గానీ, ఎన్నో బిల్లు, ఏ రైతుదో పేరు చూపించు. నా పుస్తకంలో టిక్కు పెట్టుకుంటాను" అన్నారు.

అక్కడే కూర్చుని మార్చేశాను. వందకొక పేరే కనిపిస్తుందంటే, అది చాలన్నారు.