సూర్యుడికీ మచ్చలున్నాయి!

పిల్లలూ, చంద్రుడిలో కుందేలుందని అమ్మమ్మ చెప్పగా మీరు వినే వుంటారు. సూర్యుడికీ మచ్చలున్నాయంటే మాత్రం మా బడి పిల్లలు ఓ పట్టాన నమ్మేవారు కారు.

అయితే ఇప్పుడే చూస్తామంటారా? వద్దు, వద్దు! వట్టి కళ్ళతోగాని, దుర్భిణితోగాని సూర్యుణ్ణి చూస్తే కళ్ళు పోతాయి. నేను బళ్ళోని చిన్న దుర్భిణిని సూర్యుడివైపు తిప్పి, దాని వెనక తెల్లకాగితం పట్టించేవాణ్ణి. ఎవరూ అందులోకి తొంగిచూడకుండా పక్కనే కాపలా వుండేవాణ్ణి. కాగితంమీద అరచేతంత సూర్యబింబం, అందులో ఆవగింజల్లాంటి మచ్చలు! రోజూ పెన్సిలుతో గుర్తుపెడితే, అవి మెల్లగా ఒక పక్కకు జరిగేవి. జరిగేది మచ్చలు కావు, సూర్యుడే తన చుట్టూ తాను తిరుగుతున్నాడు.

ఆవగింజలన్నాను గాని, పెద్ద మచ్చలో మన భూగోళం మొత్తం ఇమిడిపోతుంది. నిజానికది నలుపూ కాదు. సూర్యుడి పైభాగంలో వేడి సుమారు 5,500 డిగ్రీలు. మచ్చవున్న చోట అయస్కాంతశక్తి మహా బలంగా వుండి, లోపలి వేడిని పైకి రానివ్వదు. అందుకని అక్కడ వేడి తగ్గి, చుట్టూవున్న వెలుగులో నల్లగా కనిపిస్తుంది. ఈ మచ్చలు సుమారు 11 యేళ్ళకొకసారి బాగా పెరిగి, మళ్ళీ తగ్గుతూ వుంటాయి.

ఎక్కడి మచ్చ, ఎక్కడి మనం అనుకోకండి. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో కారింగ్టన్ అనే శాస్త్రజ్ఞుడు మాలాగే సూర్యబింబాన్ని తెరమీద పడేట్టు చేసి మచ్చలు గీసుకుంటున్నాడు. ఉన్నట్టుండి ఒక మచ్చల గుంపుమీద రెండు వెలుగులు భగ్గుమని, అయిదు నిమిషాల్లో మాయమైనాయి. మచ్చదగ్గర మెలికలు పడిన అయస్కాంతశక్తి ఒక్కసారిగా విడివడి, విద్యుత్కణాల మేఘాన్ని విసిరిందన్నమాట. సుమారు 17 గంటల్లో అది భూమిని చేరి, మన భూమి అయస్కాంతాన్నే కుదిపేసింది. బొంబాయిలోని కొలాబా వేధశాల పరికరాలు కూడా ఆ కుదుపును పట్టుకున్నాయి.

అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుంది; పాత సైకిళ్ళ డైనమోలో జరిగేదదే. అలాగే తంతి తీగల్లోనూ కరెంటు పుట్టింది. అమెరికాలో తంతి గుమాస్తాలు కొందరు బాటరీలు తీసేసి, ఆ కరెంటుతోనే వార్తలు పంపుకున్నారు! ధ్రువాల దగ్గర కనిపించే రంగుకాంతులు క్యూబాదాకా కనిపించాయి.

ఆనాడు తంతి తీగలే గనుక సరిపోయింది. 1989 మార్చిలో వచ్చిన సౌరతుఫానుకు కెనడాలోని క్విబెక్‌లో 60 లక్షలమందికి తొమ్మిది గంటలసేపు కరెంటు పోయింది. కరువులూ యుద్ధాలూ కూడా మచ్చలవల్లేనని చెప్పేవారున్నారు. అది నేను నమ్మను. ఈ కరెంటు సంగతి మాత్రం లెక్కకు అందిన నిజం.

అందుకే మనవాళ్ళు 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1ను పంపారు. మరుసటి జనవరిలో అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుడివైపున తన చోటు చేరుకుంది. సూర్యుడినుంచి వచ్చే కణాలు మనకంటే ముందు దాన్నే తాకుతాయి.