అమ్మ రెండో గ్లాసు అడిగింది!

జహీరాబాద్‌లో ఆయనకో చిన్న కిరాణా దుకాణం. ఇంటి ముందు ఓ పాత ఓమ్నీ వ్యాను. ఏడాదంతా అది బియ్యం బస్తాలూ నూనె డబ్బాలూ మోస్తుంది. వేసవి సెలవులొస్తే మాత్రం దాని అవతారం మారిపోతుంది. వెనక సీటు మడిచి, పైన చెక్క పరిచి, దానిమీద బొంత వేస్తే... అత్తాకోడళ్లకు పడకగది సిద్ధం. తండ్రీకొడుకులకు పక్కనే చాప. పొయ్యీ, గిన్నెలూ, నీళ్ల డబ్బా సరేసరి. విదేశాల్లో దీన్నే మోటార్‌హోమ్ అంటారని కొడుకు చెబితే, 'ఇంత ఇరుకు ఇల్లుకు అంత పేరా!' అని ఇంట్లో అందరూ నవ్వారు.

మొదటి ప్రయాణం పండరిపురానికి. అమ్మ ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న యాత్ర. ఊరి మీదుగా వెళ్లే హైదరాబాద్-పుణె జాతీయ రహదారే దారి. ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65. హుమ్నాబాద్ దాటి షోలాపూర్ చేరి, అక్కణ్నుంచి పండరిపురం వెళ్లాలి. నలుగురికి లాడ్జి అంటే రెండు గదులు కావాలి. అందుకే ఆయన లెక్క ఒక్కటే... రాత్రికి ఎక్కడ పైసా ఖర్చు కాదో అక్కడే బండి ఆపాలి. మొదటి రాత్రి మూతపడ్డ ఓ దుకాణం ముందు, రెండో రాత్రి ఊరి బయట ఓ చెట్టుకింద గడిచిపోయాయి. ఖర్చు సున్నా. ఆయన ఆనందానికి అంతులేదు.

మూడోరోజు ఎండలో అమ్మ కళ్లు తిరిగి కూలబడింది. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే ఒంట్లో నీరు తగ్గిపోయిందని సెలైన్ ఎక్కించారు. బండిలో డబ్బా నిండా నీళ్లున్నాయి కదా, ఎందుకు తాగలేదని కొడుకు కోప్పడ్డాడు. ఆమె తల దించుకుని మెల్లగా అంది. 'తాగితే మల్ల ఏడికి పోవాలె బిడ్డా? మీరు మగోళ్లు, మీకు ఏడైనా నడుస్తది.'

పక్కనే ఉన్న భార్య ఏమీ మాట్లాడలేదు. రెండు రోజులుగా తనూ గొంతు తడుపుకోవడమే తప్ప సరిగా నీళ్లు తాగలేదన్న సంగతి ఇంటికొచ్చాకే చెప్పింది. మిగిల్చిన లాడ్జి డబ్బు ఆసుపత్రికే సరిపోయింది.

లెక్క మారింది...

ఆ తర్వాతి ఏడాది ప్రయాణానికి ముందు ఆయన లెక్క తిరగరాశాడు. 'రాత్రికి ఎంత?' అన్నది చివరి ప్రశ్న అయింది. మొదటిది- 'ఆడవాళ్లు వాడదగ్గ మరుగుదొడ్డి ఉందా? రాత్రంతా తెరిచే ఉంటుందా?' రెండోది నీళ్లు. మూడోది వెలుతురు, కాపలా. ఈ మూడూ ఉన్నచోట ఎంతో కొంత ఇచ్చినా అదే చవక అని తీర్మానించుకున్నాడు.

పెద్ద ప్రయాణానికి ముందు ఓ రాత్రి రిహార్సల్ కూడా వేశారు. దగ్గర్లోని ఝరాసంగం కేతకీ సంగమేశ్వరాలయానికి వెళ్లారు. శివపూజకు పనికిరాదనే మొగలిపువ్వుతో అక్కడ స్వామిని అర్చిస్తారు. మహాశివరాత్రి జాతరప్పుడైతే కాలు మోపే సందుండదు కాబట్టి మామూలు రోజే ఎంచుకున్నారు. ఆలయ సిబ్బందిని అడిగి, వాళ్లు చూపించినచోటే బండి పెట్టుకున్నారు. దోమతెర మరిచిపోయిన సంగతి ఆ రాత్రే తెలిసింది!

మరోసారి ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని బీదర్ వెళ్లారు. గురునానక్ పాదం మోపినచోట నీటి ఊట పుట్టిందని చెప్పుకునే నానక్ ఝీరా గురుద్వారా అక్కడుంది. తలకు గుడ్డ కట్టుకుని వరసలో కూర్చుంటే, ఏ మతం వారికైనా లంగర్‌లో ఉచితంగా భోజనం పెడతారు. పొగాకు మాత్రం లోపలికి తీసుకెళ్లకూడదు. తిన్నాక అమ్మ ఊరికే కూర్చోకుండా రొట్టెలు చేసేవాళ్లతో కలిసిపోయింది.

లారీలు చెప్పే గుట్టు

జాతీయ రహదారి మీద ఆయనకు దారి చూపింది లారీ డ్రైవర్లే. పది లారీలు ఆగిన పెట్రోలు బంకులో వెలుతురూ మనుషుల అలికిడీ ఉంటాయి. అక్కడే డీజిలో పెట్రోలో పోయించుకుని, మేనేజరును మర్యాదగా అడిగితే ఓ మూల చోటు దొరకొచ్చు. కానీ సరే అనేముందు ఆయన భార్య దిగి, మరుగుదొడ్డి చూసి వస్తుంది. ఆమె తల ఊపితేనే మజిలీ. లేదంటే బండి ముందుకే. అందుకే సూర్యాస్తమయానికి గంట ముందే వెతకడం మొదలుపెడతారు. చీకటి పడ్డాక ఎంచుకోవడానికేం మిగలదు మరి.

రోడ్డు అంచున బండి ఆపి పడుకోవడం ఎంత మాత్రం కూడదు. నిద్రమత్తులో వచ్చే వాహనానికి ఆగిన బండి కనిపించకపోవచ్చు. వానాకాలంలో వాగుల పక్కన, మంజీర, భీమా ఒడ్డున ఇసుకలో మజిలీ వద్దు. పైన గేట్లు ఎత్తితే ఇక్కడ వాన లేకున్నా నీరు పెరుగుతుంది. ఏసీ కోసం ఇంజిన్ నడుపుతూ అద్దాలు బిగించుకుని నిద్రపోవడం, బండిలోపల పొయ్యి వెలిగించడం ప్రాణాంతకం. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తెల్లవారగానే బయల్దేరేలా బండి ముఖం రోడ్డువైపు పెట్టుకోవాలి. జాతీయ రహదారిపై ఇబ్బంది వస్తే 1033, ఎక్కడైనా అత్యవసరమైతే 112. ఈ రెండు నంబర్లూ ఆయన డ్యాష్‌బోర్డు మీదే రాసి అంటించాడు.

కేరళ 2021లో కేరవాన్ పర్యటన విధానం తెచ్చి, అలాంటి బండ్ల కోసం ప్రత్యేక పార్కులకు బాట వేసింది. ఈ దారిలో తిరిగే మధ్యతరగతి కుటుంబాలకు మాత్రం గుడి సత్రం, గురుద్వారా, మంచి పెట్రోలు బంకు... ఇవే పార్కులు.

రెండోసారి పండరిపురం వెళ్తున్నప్పుడు షోలాపూర్ దారిలో ఓ బంకు దగ్గర ఆగారు. భార్య చూసొచ్చి తల ఊపింది. కొడుకు రొట్టెలు విప్పాడు. నాయనమ్మకు మనవడు గ్లాసు నీళ్లిచ్చాడు. ఆమె గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు మళ్లీ చాపింది.

'ఇంకిన్ని పొయ్యి బిడ్డా!'

ఆ రాత్రి ఆయన లెక్కల పుస్తకంలో మజిలీ ఖర్చు యాభై రూపాయలు. బంకులో మరుగుదొడ్డి కడిగే ఆమెకు ఇచ్చినవి. ఆ యాత్ర మొత్తంలో రెండోమాట లేకుండా ఇచ్చిన డబ్బు అదే.