నీడకు అంతరపంట

మాది కామవరపుకోట. మెట్ట ప్రాంతం. వేసవి వస్తే మా ఇంటిముందరి వేపచెట్టు కిందనే మంచాలు, పేపరు, తగవులు, మధ్యాహ్నపు నిద్ర. నీడ అనేది నాటుకోవలసిన వస్తువని మిషిగన్ వచ్చేదాకా నాకు తెలియదు.

డెట్రాయిట్ దగ్గర మేము ఇల్లు కొన్నప్పుడు పెరట్లో పెద్ద యాష్ చెట్టుండేది. ఒకప్పుడు ఇక్కడి వీధులు ఎల్మ్ చెట్లకు పేరుపడ్డవి. డచ్ ఎల్మ్ తెగులు వాటిని తుడిచిపెడితే, ఆ ఖాళీల్లో చాలాచోట్ల యాష్ నాటారు. 2002లో ఈ ప్రాంతంలోనే ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆసియా పురుగు బయటపడింది. దాని పిల్లపురుగులు బెరడు కింద సొరంగాలు తొలిచి చెట్టుకు ఆహారం అందనివ్వవు. మా చెట్టూ పైకొమ్మల నుంచి ఎండుతూ వచ్చింది. 2008లో కొట్టించేశాం.

ఇక ఏం నాటాలి? చలిదేశాల్లో ఇల్లు కొన్న మిత్రులకు ఈ చిక్కు తెలిసే ఉంటుంది. వేప ఈ చలికి బతకదు. సిల్వర్ మేపుల్ త్వరగా ఎదుగుతుంది గాని, కొమ్మలు పెళుసు. మంచు బరువుకు విరుగుతాయి. హైబ్రిడ్ పాప్లర్ ఏడాదికి అయిదారడుగులు పెరుగుతుంది, కాని తెగుళ్ళెక్కువ, ఆయుష్షు తక్కువ. బర్ ఓక్ వందల ఏళ్ళు నిలుస్తుంది. ఎదుగుదల మాత్రం ఏడాదికి అడుగు.

మరుసటి వసంతంలో నాన్న వచ్చారు. ఆయనకప్పుడు డెబ్భై రెండు. నా లెక్కలన్నీ ఆ అంకె చుట్టూనే తిరుగుతున్నాయి. పైకి అనలేదు గాని, ఆయనకు అర్థమైనట్టుంది.

"మామిడిమొక్కలు ఎదిగేదాకా నడుమ ఏం చేస్తాంరా? అంతరపంట వేస్తాం. రెండూ పెట్టు. పెద్దది అందుకున్నాక చిన్నది తీసెయ్యి" అన్నారు.

పాప్లర్‌ను మురుగుగొట్టాలకు దూరంగా పెరటి చివరన, ఓక్‌ను దానికి పదిహేనడుగుల ఇవతల నాటాం. 2012 వేసవికి పాప్లర్ కింద కుర్చీ వేసుకునేంత నీడ వచ్చింది. నాన్న నాలుగు వేసవులు అక్కడ కూర్చున్నారు. చిన్నగాలికే గలగలలాడే ఆ ఆకుల్ని చూసి, "అచ్చం మన రావిచెట్టే" అనేవారు. 2017లో పోయారు.

ఇప్పుడు ఓక్ నా ఎత్తుకు మూడింతలుంది. పాప్లర్ నీడ తప్పించుకోవడానికి ఒక పక్కకు వాలుతోంది. పాప్లర్ మొదట్లో పుండ్లు పడ్డాయి. నాన్న చెప్పిన సేద్యం ప్రకారం అంతరపంట తీసే అదను ఎప్పుడో దాటింది. రెండుసార్లు చెట్లు కొట్టేవాళ్ళకు ఫోను చేసి, రెండుసార్లూ వద్దన్నాను. ఆయన కూర్చున్నది ఆ చెట్టు కిందనే మరి. కాని నిలవాలని ఆయన నాటించింది ఓక్‌ను.

ఈసారి ఆకు రాలగానే తీయించేస్తాను. మొద్దు మాత్రం కుర్చీ ఎత్తున ఉంచమంటాను. పాప్లర్ మొద్దు మళ్ళీ చిగురు వేస్తుంది, వేస్తే కోసుకుంటాను.